గైడ్ మనవాళ్లా అని కాదు, మన కాగితం చదువుతారా అని అడగాలి

అమలాపురం, రాజోలు, పాలకొల్లు, నరసాపురం చుట్టుపక్కల పేటల నుంచి పీజీ, లా పూర్తిచేసి వస్తున్న దళిత యువతలో చాలామంది తమ ఇంట్లో ఆ మెట్టు ఎక్కిన మొదటివాళ్లు. పరీక్ష ఎలా రాయాలో వాళ్లకు తెలుసు. సీటు ఎలా తెచ్చుకోవాలో తెలుసు. ఆ తర్వాత ఎవరి దగ్గర చేరాలన్నది మాత్రం ఏ ప్రాస్పెక్టస్‌లోనూ ఉండదు. పీహెచ్‌డీ అయితే గైడ్, కోర్టు అయితే సీనియర్. తరాలుగా చదువుకున్న ఇళ్లలో ఈ సంగతి భోజనాల దగ్గరే తేలిపోతుంది. ఫలానా సార్ దగ్గర చేరు, ఫలానా ఆయన దగ్గర వద్దు అని బాబాయో మేనమామో చెప్పేస్తారు. మనకు చెప్పేవాళ్లు లేరు. అందుకే ఎవరు ముందు పిలిస్తే వాళ్ల దగ్గర, ఎవరు నవ్వుతూ మాట్లాడితే వాళ్ల దగ్గర చేరిపోతాం.

ఈ నిర్ణయం బరువు తర్వాత తెలుస్తుంది. గైడ్ చేతిలో ఉండేది సలహా ఒక్కటే కాదు, సంతకం కూడా. ఫెలోషిప్ కొనసాగాలన్నా, ఫీల్డ్‌వర్క్‌కు సెలవు కావాలన్నా, థీసిస్ సమర్పించాలన్నా ఆ సంతకం ఉండాలి. ఇంటి నుంచి డబ్బు తెచ్చుకోగలిగినవాళ్లకు రెండు నెలలు ఫెలోషిప్ ఆగితే చిరాకు. కౌలు చేనులోనో రొయ్యల చెరువు మీదో కూలికి వెళ్లే అమ్మానాన్నలకు ఎదురు డబ్బు పంపేవాళ్లకు చదువే ఆగిపోతుంది. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ప్రాణం తీసుకున్న రోహిత్ వేముల తన చివరి లేఖలో ఏడు నెలల ఫెలోషిప్ బకాయి గురించి కూడా రాశాడు. ఆ మాట పరిశోధక విద్యార్థులెవరికీ కొత్తగా అనిపించలేదు.

మరి సరైన గైడ్ ఎవరు? మన కులం వాళ్లయితే చాలా? ఈ ప్రశ్నకు అంబేడ్కర్ విద్యార్థి జీవితంలోనే సమాధానం ఉంది. ఆయనకు ఒక్క గురువు లేడు. వేర్వేరు దశల్లో వేర్వేరు మనుషులు వేర్వేరు పనులు చేసిపెట్టారు. 1907లో మెట్రిక్ పాసైనప్పుడు కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ అనే ఉపాధ్యాయుడు తాను రాసిన బుద్ధుడి జీవిత చరిత్రను ఆయనకు బహుమతిగా ఇచ్చాడు. కాలేజీ చదువుకు డబ్బు లేనప్పుడు బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్‌తో మాట్లాడి స్కాలర్‌షిప్ ఇప్పించాడు. కేలూస్కర్ దళితుడు కాదు. కానీ ఆయన మెచ్చుకోలుతో ఆగకుండా ఒక పుస్తకం ఇచ్చాడు, ఒక తలుపు తట్టాడు.

1913లో కొలంబియా యూనివర్సిటీకి వెళ్లాక ఎడ్విన్ సెలిగ్మన్ దొరికాడు. బ్రిటిష్ ఇండియా ప్రాంతీయ ఆర్థిక వ్యవస్థపై అంబేడ్కర్ చేసిన పరిశోధన 1925లో పుస్తకంగా వచ్చినప్పుడు ముందుమాట ఆయనే రాశాడు. లండన్‌లో ఎడ్విన్ కానన్ కథ ఇంకా ఆసక్తికరం. 1923లో వెలువడిన రూపాయి సమస్య గ్రంథానికి ముందుమాట రాస్తూ, అంబేడ్కర్ వాదనల్లో చాలావాటితో తనకు ఏకీభావం లేదని కానన్ అక్కడే చెప్పాడు. అయినా ఆ ఆలోచనల్లోని కొత్తదనాన్ని మెచ్చుకుని పుస్తకానికి తన పేరు జోడించాడు. విద్యార్థి తనతో విభేదించినా అతని పని వెనక నిలబడటం గైడ్‌కు అసలు పరీక్ష. మన వాదన ఆయన వాదన కానక్కర్లేదు. దాన్ని ఆయన చదివి ఉండాలి, దానిలో బలం ఎక్కడుందో చెప్పగలగాలి.

ఇది గోదావరి జిల్లాల విద్యార్థులకు దూరపు ముచ్చట కాదు. 2022 మే 24న కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. ఆ జిల్లా నుంచి వచ్చిన విద్యార్థి కులం మీదో, భూమి మీదో, ఆ రోజు మీదో పరిశోధన చేస్తానంటే కొందరు గైడ్‌లు ‘ఎందుకమ్మా గొడవ’ అంటారు. ఇంకొందరు అందుకు తిరగేసి, దళిత విద్యార్థి కనబడగానే ‘నువ్వు సంక్షేమ పథకాల మీద చెయ్’ అని తేల్చేస్తారు. రెండూ ఒకటే. మన ప్రశ్న మనం వేయకముందే మనకేది సరిపోతుందో వాళ్లు నిర్ణయించేస్తున్నారు. ఇష్టమైతే కులం మీద, ఇష్టమైతే డెల్టా కాలువల నీటి లెక్కల మీద, అదీ కాకపోతే గణితం మీద పని చేసే స్వేచ్ఛ ఉండాలి.

చేరకముందే చూసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. పీహెచ్‌డీపై యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ఒక్కొక్కరు ఒకే సమయంలో పర్యవేక్షించగల స్కాలర్లకు పరిమితి ఉంది: ప్రొఫెసర్‌కు 8 మంది, అసోసియేట్ ప్రొఫెసర్‌కు 6, అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు 4. రిటైర్ కావడానికి మూడేళ్లలోపే ఉన్నవాళ్లు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. కాబట్టి ఎంతమంది ఉన్నారు, ఎప్పుడు రిటైరవుతారు అని అడగడం అమర్యాద కాదు. పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. రీ-రిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్లు, మహిళలకు, 40 శాతం మించి వైకల్యం ఉన్నవాళ్లకు ఇంకో రెండేళ్లు పొడిగింపు ఇవ్వవచ్చు. ప్రతి సెమిస్టర్‌లో రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు హాజరై పని చూపించాలి. ఆ కమిటీ గైడ్ ఒక్కరిదే కాదు. మన సమస్య చెప్పుకోవడానికి, మన పనికి సాక్ష్యం పెట్టుకోవడానికి అదొక చోటు. సమావేశం జరిగిన ప్రతిసారీ మినిట్స్ కాపీ అడిగి దాచుకోండి.

కాగితం మీద కనబడనివి సీనియర్లను అడగాలి. ఆ గైడ్ దగ్గర ఎంతమంది చేరారు, ఎంతమంది పూర్తిచేశారు, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకూ అమ్మాయిలకూ ఎంతకాలం పట్టింది, మధ్యలో మానేసినవాళ్లు ఎందుకు మానేశారు? మానేసిన ఒక్కరితో మాట్లాడితే పూర్తిచేసిన ముగ్గురు చెప్పనిది తెలుస్తుంది. తర్వాత అయిదు పేజీల ప్రతిపాదన రాసి ఇచ్చి చూడండి. పదిహేను రోజుల్లో పక్కన గీతలతో, ప్రశ్నలతో వెనక్కి వస్తే మంచి గుర్తు. ‘బాగుంది, కానీయ్’ అన్న ఒక్క మాటతో వస్తే చదవలేదనే అనుకోవాలి. పిల్లల్ని స్కూలు నుంచి తీసుకురమ్మనడం, కరెంటు బిల్లు కట్టమనడం, మీరు రాసిన వ్యాసంలో మీ పేరు వెనక్కి నెట్టడం, ‘మీవాళ్లకు ఈ మాత్రం చాలు’ అనడం మొదలైతే అవి చిన్న విషయాలు కావు.

మన కులం గైడ్ దొరికితే ఒక లాభం ఉంది, కొన్ని సంగతులు వివరించి చెప్పాల్సిన అవసరం రాదు. అయితే యూనివర్సిటీల్లో అలాంటి అధ్యాపకులు కొద్దిమందే ఉంటారు, ఆ కొద్దిమంది మీదే అందరి భారమూ పడుతుంది. వాళ్లందరికీ సమయం ఉంటుందని, అందరూ ఒకేలా ఉంటారని అనుకోవడం వాళ్లకూ అన్యాయమే. అందుకని అన్నీ ఒక్కరి దగ్గరే వెతక్కండి. సబ్జెక్టు నేర్పేవాళ్లు ఒకరు, ఆఫీసు కాగితాల దారి చెప్పే సీనియర్ ఒకరు, కష్టమొస్తే నిలబడే ఉద్యమ మిత్రులు ఒకరు. ఈ ముగ్గురూ ఒకే మనిషి కావాల్సిన పనిలేదు.

లా చదివినవాళ్ల పరిస్థితి ఇంకా కఠినం. రాజమండ్రి, కాకినాడ, అమలాపురం ఏ కోర్టుకు వెళ్లినా జూనియర్‌కు మొదటి ఏళ్లలో చేతికొచ్చేది తక్కువ. ఎన్‌రోల్‌మెంట్ ఫీజు ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు, మిగతావాళ్లకు 750 రూపాయలు మించకూడదని సుప్రీంకోర్టు 2024 జూలై 30న తీర్పిచ్చింది. జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు స్టైపెండ్ ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అదే ఏడాది సూచించింది. అది సూచన మాత్రమే, తప్పనిసరి కాదు. కాబట్టి సీనియర్ దగ్గర చేరే రోజే డబ్బు సంగతి తేల్చుకోవాలి. దాంతోపాటు ఇంకొకటి అడగాలి: ఎన్నాళ్లకు నేను లేచి వాదిస్తాను? ఫైళ్లు మోయించి, వాయిదాలు మాత్రమే అడిగిస్తే ఆ ఏళ్లు తిరిగిరావు.

ఈ లోటు తెలిసిన మనిషి మన డెల్టాలోనే పుట్టాడు. బొజ్జా తారకం 1939లో కోనసీమలోని కందికుప్పలో జన్మించాడు. కారంచేడు నరమేధం తర్వాత ప్రభుత్వ ప్లీడరు పదవికి రాజీనామా చేసి బాధితుల పక్షాన నిలిచాడు. ఆయన దగ్గర కూర్చుని నేర్చుకునే అవకాశం అందరికీ దొరికేది కాదు. అందుకే కావచ్చు, ‘పోలీసులు అరెస్టు చేస్తే’ అని తెలుగులో పుస్తకం రాశాడు. లాయరు బంధువు లేని ఇంటికి ఆ పుస్తకమే బంధువయింది.

మనలో ఇప్పటికే పీహెచ్‌డీలో ఉన్నవాళ్లు, కోర్టులో నాలుగేళ్లు గడిపినవాళ్లు చేయగలిగింది అదే. ఏ విభాగంలో ఎవరు చదువుతారు, ఎవరు చదవరు, ఏ కాగితం ఎక్కడ ఆగుతుంది అన్నది మన వెనక వచ్చేవాళ్లకు చెప్పాలి. హాస్టల్ గదిలో కూర్చుని ఒక సాయంత్రం చెబితే చాలు. పెద్దిళ్లలో బాబాయి చేసే పని అదే, మన హాస్టళ్లలో దాన్ని సీనియర్లు చేయాలి.