భయం తెలియని దీవిలో ఒక రోజు

పడవ దిగి నల్లరాళ్ల మీద కాలు పెట్టిన స్నేహితుల బృందానికి ముందుకు నడవడానికి దారి దొరకలేదు. బాటకు అడ్డంగా ఒక సముద్ర సింహం పిల్ల హాయిగా నిద్రపోతోంది. దాని వెనుక ఇగ్వానాలు ఒకదాని మీద ఒకటి పడుకుని ఎండ కాగుతున్నాయి. ఇంతమంది మనుషులు వచ్చినా ఒక్కటీ పక్కకు జరగలేదు. ఫోటోల కోసం ఫోన్లు పట్టుకుని ముందుకు వంగినవారిని గైడు చేయి చాచి ఆపాడు. "రెండు మీటర్ల దూరం. అది లేవదు, మనమే చుట్టూ తిరిగి వెళ్లాలి" అన్నాడు.

ఈ దీవి పేరు ఎస్పన్యోలా. పసిఫిక్ మహాసముద్రంలో, ఈక్వెడార్ తీరానికి సుమారు వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉన్న గాలాపగోస్ దీవుల్లో ఇది ఆగ్నేయ మూలన ఉంటుంది. విస్తీర్ణం దాదాపు 60 చదరపు కిలోమీటర్లు. ఇక్కడ ఊళ్లు లేవు. ఏడాది పొడవునా దొరికే మంచినీరూ లేదు. శాన్ క్రిస్టొబాల్ దీవి నుంచి మరపడవలో దాదాపు రెండు గంటలు ప్రయాణించి ఉదయం చేరుకుంటే, సాయంత్రానికి తిరిగి వెళ్లిపోవాలి. జాతీయ పార్కు అనుమతి ఉన్న గైడు వెంట లేకుండా ఎవరూ దిగకూడదు. ఒక్కో గైడు వెంట 16 మందికి మించి ఉండకూడదు. బాట దాటకూడదు, జంతువులను తాకకూడదు, వాటికి తిండి పెట్టకూడదు.

మనిషిని చూసి పారిపోని జంతువుల దగ్గర ఇన్ని నియమాలు ఎందుకు? అవి పారిపోవు కాబట్టే.

డార్విన్ విసిరిన బల్లి

1835లో చార్లెస్ డార్విన్ గాలాపగోస్‌లో అయిదు వారాలు గడిపాడు. కొమ్మ మీద కూర్చున్న డేగను తుపాకీ గొట్టంతో నెట్టేదాకా అది కదలలేదని ఆయన రాసుకున్నాడు. ఒక సముద్ర ఇగ్వానాను పట్టుకుని నీటిలోకి విసిరితే, అది తిన్నగా ఈదుకుంటూ ఆయన నిలబడిన చోటికే తిరిగి వచ్చింది. మళ్లీ విసిరాడు, మళ్లీ వచ్చింది. సముద్రంలో దానికి సొరచేపల భయం ఉందని, ఒడ్డున మాత్రం శత్రువంటూ లేదని ఆయన భావించాడు. అందుకే ఎంత ప్రమాదం వచ్చినా ఒడ్డే క్షేమమన్న సహజ ప్రవృత్తి దానిలో స్థిరపడి ఉంటుందని డార్విన్ ఊహించాడు.

ఈ దీవులు సముద్ర గర్భంలోని అగ్నిపర్వతాల నుంచి పుట్టినవి. ఏనాడూ ప్రధాన భూభాగంతో కలిసి లేవు. పిల్లి, కుక్క, నక్క వంటి వేటాడే జంతువులు వాటంతట అవి ఇక్కడికి చేరలేకపోయాయి. అవసరం లేని చోట పారిపోవడం కూడా నష్టమే. దానికి ఖర్చయ్యే శక్తి, మేతకు పోయే సమయం రెండూ వృథా. అలా తరతరాలుగా ఇక్కడి జంతువులలో భయం సన్నగిల్లింది. 66 జాతుల బల్లులను పోల్చిన ఒక అధ్యయనం 2014లో వెలువడింది. ప్రధాన భూభాగానికి ఎంత దూరాన ఉన్న దీవి అయితే, అక్కడి బల్లి మనిషిని అంత దగ్గరకు రానిస్తుందని అందులో తేలింది.

బాట పొడవునా పాఠాలే

ఎస్పన్యోలా పడమటి కొస పేరు పుంటా సువారెజ్. ఇక్కడి బాట మీద ప్రతి పది అడుగులకూ ఒకసారి ఆగాల్సిందే. ఇగ్వానాలు ఉన్నట్టుండి తుమ్ముతాయి. సముద్రపు నాచు తినేటప్పుడు ఒంట్లో చేరిన ఉప్పును ముక్కు దగ్గరి గ్రంథుల ద్వారా చిమ్మేస్తాయన్నమాట. ఎల్ నినో ఏడాదిలో నీరు వేడెక్కి నాచు కరువైతే వీటి శరీరం పొడవే తగ్గుతుంది. రెండేళ్లలో 20 శాతం వరకూ కుంచించుకుపోయి, మేత దొరికాక మళ్లీ పెరిగినట్టు 2000లో శాస్త్రవేత్తలు ప్రకటించారు.

నీలి కాళ్ల బూబీ పక్షి నేల మీదే, కొన్నిసార్లు బాట అంచునే, గుడ్లు పెట్టి పాదాలతో వాటికి వెచ్చదనం ఇస్తుంది. ఇంకాస్త ముందుకు వెళితే కొండ అంచున ఆల్బట్రాస్‌లు కనిపిస్తాయి. రెండు మీటర్లకు పైగా రెక్కలు చాచే ఈ జాతి దాదాపు మొత్తంగా సంతానోత్పత్తికి ఈ ఒక్క దీవినే నమ్ముకుంది. ఏప్రిల్ నుంచి డిసెంబరు వరకూ ఇక్కడుండి, ఆ తర్వాత సముద్రం మీదికి వెళ్లిపోతుంది. బరువైన శరీరంతో నేల మీంచి ఎగరడం కష్టం కనుక ఇవి తూలుతూ కొండ అంచుదాకా నడిచి, అక్కడి ఎదురుగాలిలోకి దూకుతాయి.

మిత్రుల్లో ఒకరు నీళ్ల సీసా తీయగానే మాకింగ్‌బర్డ్ ఒకటి వచ్చి బూటు మీద వాలింది. మంచినీరు కరువైన దీవిలో ఈ పక్షులు సీసా మూత చప్పుడును గుర్తుపట్టడం నేర్చుకున్నాయి. చుక్క నీళ్లు పోస్తే పుణ్యమే కదా అనిపిస్తుంది. గైడు మాత్రం ఒప్పుకోడు. ఈ రోజు దప్పిక తీర్చిన మనిషి కోసం అది రేపు పడవ రేవులో కాచుకుని కూర్చుంటుంది. పైగా మనుషుల నుంచి, వారి వస్తువుల నుంచి రోగాలు అంటుకునే ముప్పు ఉంది. ఈ జాతి ఎస్పన్యోలా, దాన్ని ఆనుకున్న చిన్న దిబ్బ తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు.

నేర్చుకున్నా చాలని భయం

శత్రువు ఎదురైతే ఈ జంతువులు భయపడటం నేర్చుకోలేవా? సముద్ర ఇగ్వానాలపై జరిగిన పరిశోధన ఫలితాలు 2007లో వెలువడ్డాయి. ఎన్నడూ మనిషి చేతికి చిక్కని ఇగ్వానాలను తరిమినా వాటి రక్తంలో ఒత్తిడి హార్మోను పెరగలేదు. ఒకసారి పట్టుకుని వదిలాక మాత్రం హార్మోను పెరిగింది, అవి మునుపటి కంటే కాస్త ముందుగానే కదిలాయి. కానీ ఆ 'కాస్త' కుక్క నుంచో పిల్లి నుంచో తప్పించుకోవడానికి సరిపోదు. నేర్చుకునే శక్తి ఉన్నా, ప్రాణం దక్కించుకునేంత వేగంగా నేర్చుకోలేవు.

దీని మూల్యం ఎంతో ఎస్పన్యోలాకు బాగా తెలుసు. నెలల తరబడి తిండీ నీరూ లేకున్నా బతికే ఇక్కడి పెద్ద తాబేళ్లను పూర్వం తిమింగలాల వేటగాళ్లు సజీవ ఆహార నిల్వగా ఓడల్లోకి ఎక్కించుకుపోయేవారు. మనుషులు వదిలిన మేకలు మిగిలిన పచ్చదనాన్ని మేసేశాయి. 1960ల నాటికి దీవిలో దొరికిన తాబేళ్లు 14 మాత్రమే. వాటిలో ఆడవి 12, మగవి 2. వాటిని శాంతా క్రజ్ దీవిలోని సంరక్షణ కేంద్రానికి తరలించారు. అమెరికాలోని శాన్ డియాగో జూ నుంచి మరో మగ తాబేలు వచ్చి చేరింది. అదే 'డియాగో'. 1978 నాటికి మేకలను పూర్తిగా తొలగించారు. కేంద్రంలో పుట్టి పెరిగిన సుమారు రెండు వేల తాబేళ్లు ఎస్పన్యోలాకు చేరాయి. 2020 జూన్‌లో ఆ 15 పెద్ద తాబేళ్లూ తిరిగి ఇంటికి వచ్చాయి.

మన దీవుల కథా ఇదే

అండమాన్‌లోనూ ఇలాంటి ఉదాహరణలున్నాయి. బ్రిటిష్ వారు తెచ్చి వదిలిన చుక్కల జింకలు, వేటాడే జంతువు లేని అక్కడి అడవుల్లో లేత మొక్కలను ఎదగనివ్వడం లేదు. నార్కొండం హార్న్‌బిల్‌కు ప్రపంచం మొత్తంలో ఉన్న ఇల్లు దాదాపు ఏడు చదరపు కిలోమీటర్ల దీవి ఒక్కటే. అక్కడి పోలీసు ఔట్‌పోస్టు కోసం తెచ్చిన మేకలు అడవిలోకి విస్తరించడంతో వాటిని తర్వాత తొలగించాల్సి వచ్చింది. దీవిని చూడటానికి వెళ్లే మన పర్యాటకులకు ఎస్పన్యోలా బాట నేర్పే పాఠం ఇక్కడా వర్తిస్తుంది.

సాయంత్రం పడవ ఎక్కే ముందు అందరూ బూట్లు కడుక్కున్నారు. అడుగున అంటిన ఇసుక, గింజలు మరో దీవికి చేరకూడదు. పొద్దున బాటకు అడ్డంగా పడుకున్న సముద్ర సింహం పిల్ల అక్కడే ఉంది. చేపల వేటకు వెళ్లిన తల్లి తిరిగొచ్చి, గొంతునూ వాసననూ బట్టి దాన్ని గుర్తుపడుతుంది. ఈసారి గైడు ఏమీ చెప్పలేదు. చెప్పకుండానే అందరూ చుట్టూ తిరిగి వెళ్లారు.