లీటరు పెట్రోలు, రెండు టన్నుల బండి

లీటరు పెట్రోలు తూకం వేస్తే ముప్పావు కిలోకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. అది ఇంజన్‌లో కాలాక సైలెన్సర్ గుండా బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్ మాత్రం సుమారు 2.3 కిలోలు. లెక్క తప్పలేదు. పెట్రోల్లోని ఒక్కో కార్బన్ పరమాణువు గాలిలోని రెండేసి ఆక్సిజన్ పరమాణువులను వెంటేసుకుని పోతుంది, ఆ బరువూ కలుస్తుంది. డీజిలైతే లీటరుకు దాదాపు 2.7 కిలోలు. ఈ అంకె తెలిస్తే ఎవరి బండి లెక్క వాళ్లే వేసుకోవచ్చు. లీటరుకు 22 కిలోమీటర్లిచ్చే చిన్న కారు కిలోమీటరుకు 105 గ్రాములు వదులుతుంది. ఎనిమిదే ఇచ్చే పెద్ద పెట్రోలు ఎస్‌యూవీ 290 గ్రాములు వదులుతుంది. ఆఫీసు వేళల్లో రెండింట్లోనూ చాలాసార్లు కూర్చునేది ఒక్కరే.

కారు కొన్నామంటే ఒకప్పుడు చుట్టాలు అడిగే మొదటి ప్రశ్న ‘ఎంతిస్తుంది?’ అనే. ఇప్పుడు సన్‌రూఫ్ ఉందా, పికప్ ఎలా ఉంది అని అడుగుతున్నారు. 2024-25లో దేశంలో అమ్ముడైన ప్రయాణికుల వాహనాల్లో దాదాపు 65 శాతం ఎస్‌యూవీలు, వాటి కోవలోని యుటిలిటీ వాహనాలే. మన దగ్గర ఎత్తు బండి కోరుకోవడానికి కారణాలు లేకపోలేదు. ఆగస్టు వానకు కాలనీ రోడ్డు కాలువైపోతుంది. వీధి మలుపులో ఎవరో పోసుకున్న స్పీడ్ బ్రేకర్ చిన్న కారు అడుగును గీరేస్తుంది. కానీ ఎత్తు కావాలంటే దాంతోపాటు రెండు టన్నుల ఇనుమూ, 200 హార్స్‌పవరూ కొనక తప్పని పరిస్థితి ఎందుకొచ్చింది?

ఎందుకంటే ఆ శక్తి రోడ్డు మీద అక్కరకొచ్చేది బహు తక్కువ. చదునైన రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్ల వేగంతో నిలకడగా వెళ్లడానికి రెండు టన్నుల బండికైనా పది హార్స్‌పవర్ చుట్టుపక్కల చాలు. హైదరాబాద్ చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీద వేగ పరిమితి 120. అంత వేగానికీ 200 హార్స్‌పవర్ పని లేదు. మిగిలిన శక్తి ఊరికే పడి ఉంటే గొడవ లేదు, ఖర్చు పెట్టిస్తుంది. పెద్ద పెట్రోలు ఇంజన్‌ను తక్కువ భారంతో నడిపినప్పుడు దాదాపు మూసుకుని ఉన్న థ్రాటిల్ సందులోంచి గాలి పీల్చుకోవడానికే అది కొంత శక్తిని తగలేస్తుంది. అన్ని సిలిండర్లలో రాపిడి ఎటూ తప్పదు. కప్పు టీ కోసం పెళ్లివారి గాడిపొయ్యి రాజేసినట్టు. ఇక సిటీలో సిగ్నల్ సిగ్నల్‌కూ ఆగి కదిలేటప్పుడు అసలు భారం బరువుది. కూడగట్టిన వేగమంతా బ్రేకుల దగ్గర వేడిగా మారిపోతుంది, పచ్చలైటు పడగానే అంత బరువునూ మళ్లీ మొదటినుంచీ కదిలించాలి.

అంతర్జాతీయ ఇంధన సంస్థ 2024లో ఒక పోలిక చెప్పింది. ప్రపంచంలోని ఎస్‌యూవీలన్నిటినీ ఒక దేశమనుకుంటే కార్బన్ డయాక్సైడ్ వదలడంలో దానిది ఐదో స్థానం. ఏటా వంద కోట్ల టన్నులకు పైమాటే. ఆ బండ్లు సగటు మధ్యతరహా కారుకన్నా 200 నుంచి 300 కిలోలు ఎక్కువ బరువుంటాయనీ అదే సంస్థ లెక్క.

మన ప్రభుత్వాలు, కోర్టులు ఈ బరువును అడగలేదు. పైగా అడ్డదారి చూపించాయి. 2015 డిసెంబరులో సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతంలో 2,000 సీసీ, ఆపైన ఉన్న డీజిల్ బండ్ల రిజిస్ట్రేషన్ ఆపేసింది. కొద్ది వారాల్లోనే ఒక కంపెనీ 1,990 సీసీ ఇంజన్‌తో అదే పెద్ద బండిని తెచ్చింది. మరుసటి ఆగస్టులో ఒక శాతం హరిత సుంకం కట్టించుకుని కోర్టు ఆ నిషేధం ఎత్తేసింది. కంపెనీలు అమ్మే బండ్లన్నిటి సగటు ఉద్గారాలకు కేంద్రం 2022-23 నుంచి కిలోమీటరుకు 113 గ్రాముల లక్ష్యం పెట్టింది. వినడానికి బాగానే ఉంది. అయితే అది సగటు బరువు 1,082 కిలోలన్న లెక్క మీద కట్టిన అంకె. బరువైన బండ్లు ఎక్కువగా అమ్మే కంపెనీకి పరిమితి కూడా అంతమేర సడలుతుంది. బరువు పెరిగితే శిక్ష పడాల్సిన చోట మినహాయింపు దొరుకుతోందన్నమాట.

బరువు సంగతి పక్కనపెట్టి, ట్యాంకులో పోసేది మారిస్తే చాలన్నది ఇప్పటి విధానం. పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యం మొదట 2030కి అనుకున్నారు, 2025కే చేరుకున్నారు. ముడిచమురు దిగుమతి ఖర్చు కొంత ఆదా అయింది, రైతుకు మరో కొనుగోలుదారు దొరికాడు, ఇవి నిజమైన లాభాలే. అయితే ఇథనాల్‌లో శక్తి పెట్రోల్లో ఉన్నదానిలో మూడింట రెండొంతులే. అందుకే పాత ఇంజన్లున్న కార్లలో మైలేజీ 6 నుంచి 7 శాతం పడుతుందని నీతి ఆయోగ్ 2021 నివేదికే చెప్పింది. చెరకు నుంచి లీటరు ఇథనాల్ రావాలంటే 2,860 లీటర్ల నీళ్లు పడతాయన్నదీ అందులోని లెక్కే. బ్రెజిల్‌ను ఆదర్శంగా చూపేవాళ్లు అక్కడి చెరకు ఎక్కువగా వానమీదే పండుతుందని చెప్పడం మరిచిపోతారు. మన చెరకుకు కాలువైనా ఉండాలి, బోరైనా ఉండాలి. చెరకు చాలక నూకలు, ఎఫ్‌సీఐ గోదాముల బియ్యం, మొక్కజొన్న డిస్టిలరీలకు చేరుతున్నాయి. మొక్కజొన్న ఎగుమతి చేసే దేశం 2024లో దిగుమతికి దిగింది. కోళ్ల దాణా ధర పెరిగిందని మన కోళ్లఫారాల వాళ్లు మొత్తుకున్నది అందుకే.

ఈ ఇంధనం తయారయ్యే ఊళ్ల మాటా వినాలి. నారాయణపేట జిల్లా చిత్తనూరులో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని జనం ఏళ్ల తరబడి కొట్లాడారు. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబరులో గ్రామస్థులు హైవే మీద బైఠాయించారు. పనులు ఆపుతున్నామని అధికారులు ప్రకటించాకే శాంతించారు. వాళ్లడిగింది ఒకటే: మా నీళ్లేం కావాలి, మా గాలేం కావాలి? నగరంలో పొగ తగ్గించే పేరుతో ఫ్యాక్టరీ వాసన, వ్యర్థజలం పల్లె నెత్తిన పడకూడదనడంలో తప్పేముంది? నా లెక్కలో అయితే ఇథనాల్ పాడైన ధాన్యానికీ, గడ్డీగాదానికీ పరిమితమైనంత వరకే మంచి ఇంధనం.

సీఎన్‌జీ పెట్రోలుకన్నా పాతిక శాతం దాకా తక్కువ కార్బన్ వదులుతుంది. విజయవాడ ఆటోవాలాను అడిగితే జేబు లెక్కా చెబుతాడు. పైపుల్లోంచి లీకయ్యే మీథేన్ మాత్రం కార్బన్ డయాక్సైడ్‌కన్నా ఎన్నో రెట్లు వేడి పట్టి ఉంచుతుంది.

విద్యుత్ కార్ల విషయంలో మాత్రం కాగితం, పెన్సిలు తీయాల్సిందే. మన కరెంటులో దాదాపు మూడొంతులు బొగ్గుదే, యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ పడుతుంది. భారీ విద్యుత్ ఎస్‌యూవీ వంద కిలోమీటర్లకు 20 యూనిట్లు తింటుందనుకుందాం. తీగల్లో, చార్జింగ్‌లో పోయేది కలిపితే పవర్ ప్లాంటు దగ్గర 25 యూనిట్లు పుట్టాలి. అంటే కిలోమీటరుకు 175 గ్రాములు. తనంత పెట్రోలు బండికన్నా ఇది ఎంతో నయం. కానీ మొదట చెప్పుకున్న చిన్న పెట్రోలు కారు, చమురు తవ్వి శుద్ధి చేసి బంకుకు చేర్చే ఖర్చు కలిపినా 130 దాటదు. పచ్చ నంబరు ప్లేటు పెట్టుకున్న రెండు టన్నుల బండి, పక్కనున్న పాత హ్యాచ్‌బ్యాక్‌కన్నా ఎక్కువ కార్బన్‌కు కారణమవుతోందన్నమాట! చిన్న విద్యుత్ కారైతే వంద దగ్గర ఆగుతుంది, విద్యుత్ స్కూటరు పాతిక దగ్గర. గ్రిడ్‌లో సౌరవిద్యుత్తు పెరిగేకొద్దీ ఈ అంకెలు ఏటా తగ్గుతాయి, పెట్రోలుకు ఆ అవకాశం లేదు. అయితే బండ్లను ఎండ ఉన్నప్పుడే, ఆఫీసు పార్కింగుల్లోనే చార్జ్ చేసే ఏర్పాటు ఉండాలి. రాత్రి పదింటికి ఇంట్లో ప్లగ్ పెడితే వచ్చేది ప్రధానంగా బొగ్గు కరెంటే.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల ఫార్ములా ఇ రేసు జరిగింది. ట్రాఫిక్ మళ్లింపులకు విసుక్కోవడమూ, దాని చుట్టూ తర్వాత నడిచిన రాజకీయమూ గుర్తుండే ఉంటాయి. గుర్తుండాల్సింది ఇంకొకటుంది. ఆ కారు శక్తి 350 కిలోవాట్లు, అంటే 470 హార్స్‌పవర్. డ్రైవరుతో కలిపి బరువు దాదాపు 850 కిలోలు. మన కాలనీలో తిరిగే చాలా ఎస్‌యూవీల్లో సగం! బ్రేకు వేసినప్పుడు వృథా అయ్యే శక్తిని తిరిగి బ్యాటరీకి మళ్లించడమే దాని విద్య. ఆ రెండింటిలో షోరూముకు వచ్చింది బ్రేకు విద్య ఒక్కటే, తేలికదనం దారిలోనే తప్పిపోయింది.

హైడ్రోజన్ కారులో 2022 మార్చిలో రవాణా మంత్రి నితిన్ గడ్కరీ పార్లమెంటుకు వెళ్లారు. కిలో హరిత హైడ్రోజన్‌కు 50 యూనిట్లకు పైగా కరెంటు కావాలి, దాంతో కారు వంద కిలోమీటర్లు నడుస్తుంది. అదే కరెంటు నేరుగా బ్యాటరీకి ఎక్కిస్తే రెండు మూడు రెట్ల దూరం. విశాఖ జిల్లా పక్కన పూడిమడకలో తయారీ తలపెట్టిన హైడ్రోజన్ ఎరువులకో, ఉక్కుకో పోతే సార్థకం. చిలీలో గాలిమరల కరెంటుతో తయారుచేస్తున్న కృత్రిమ పెట్రోలు సంగతీ అంతే, స్పోర్ట్స్ కార్ల యజమానులకు ఊరట తప్ప అందులో ఊళ్లు నడవవు.

బరువును సూటిగా అడిగిన నగరం పారిస్. 2024 ఫిబ్రవరిలో ఓటింగ్ పెట్టి, 1.6 టన్నులు దాటిన పెట్రోలు, డీజిల్, హైబ్రిడ్ బండ్లతో వచ్చే బయటివాళ్లకు నగరం నడిబొడ్డున పార్కింగ్ గంటకు 18 యూరోలు చేశారు. విద్యుత్ బండికీ వదల్లేదు, దానికి రెండు టన్నుల గీత గీశారు. ఓటేసినవాళ్లు ఆరు శాతం కూడా లేరన్న విమర్శ వచ్చింది, నిజమే. ఆ గీత మాత్రం సరైన చోటే పడింది.

మన దగ్గర 2025 సెప్టెంబరు నుంచి చిన్న కార్లకు జీఎస్టీ 18 శాతం, పెద్దవాటికి 40 శాతం. బాగానే ఉందనిపిస్తుంది, కానీ పెద్ద ఎస్‌యూవీలకు అంతకుముందు సెస్సుతో కలిపి 50 శాతం దాకా ఉండేది. విద్యుత్ బండికి టన్నుదైనా, రెండున్నర టన్నులదైనా ఐదు శాతమే. తెలంగాణలో 2026 చివరిదాకా రోడ్డు పన్నూ లేదు, అక్కడా బరువు అడగరు. 2027 ఏప్రిల్ నుంచి రావలసిన కొత్త ఉద్గార ప్రమాణాల మీద కార్ల కంపెనీలు రెండు వర్గాలుగా చీలాయి. చిన్న, తేలికపాటి కార్లకు కాస్త సడలింపు ఇవ్వాలని ఒక వర్గం, అది ఒక్క కంపెనీకే లాభమని మరో వర్గం. ఎవరి వ్యాపారం వాళ్లది. ఈ పేచీలో నేను తేలిక బండివైపే.