రాటకి రెండు చుట్లు

మా మనవడు సెలవులకి మండపేట వచ్చి గొడ్లచావిట్లో కారు కడుతున్నాడు. కొనడం కాదండోయ్, కట్టడమే. గేదెల్ని అమ్మేశాక ఆ చావిడి ఖాళీగానే పడుంది. ఇనప గొట్టాలు వెల్డింగు చేయించి చట్రం నిలబెట్టాడు. ఇంజినూ, వెనక ఇరుసూ, చక్రాలూ తుక్కులోకి పోవాల్సిన పాత మారుతీ 800 నుంచి ఊడదీసినవి. రెండు సీట్లు, తలుపుల్లేవు, పైకప్పు లేదు. వాళ్ల నాయనమ్మ దానికి "మంచం కారు" అని పేరు పెట్టింది.

ఇదేం కొత్త పిచ్చి కాదు. 1957లో ఇంగ్లండులో కాలిన్ చాప్‌మన్ లోటస్ సెవెన్ అనే బుల్లి కారు తెచ్చాడు. అప్పట్లో అక్కడ బిగించిన కారు కొంటే కొనుగోలు పన్ను కట్టాలి, విడిభాగాలు కొనుక్కుని ఇంట్లో బిగించుకుంటే అక్కర్లేదు. పన్ను దగ్గరకొచ్చేసరికి ఏ దేశం వాడి బుర్రయినా పాదరసమే. మనవాళ్లలో హైదరాబాదు సుధాకర్ గారు ఉన్నారు. క్రికెట్ బ్యాటు, బూటు, ఫుట్‌బాల్ ఆకారాల్లో నడిచే కార్లు చేసి 2010లో బహదూర్‌పురాలో మ్యూజియమే పెట్టేశారు. అంతకుముందు 2005లో 41 అడుగుల 7 అంగుళాల ఎత్తున్న మూడు చక్రాల సైకిలు తొక్కి గిన్నిస్ పుస్తకం ఎక్కారు. మావాడి బండికి అలాంటి యోగం లేదు. పరీక్షలు దాటని బండికి రిజిస్ట్రేషన్ ఇవ్వరు కాబట్టి అది మా బంధువుల రైసుమిల్లు ఆవరణ దాటి రోడ్డెక్కదు.

మొన్న హ్యాండ్ బ్రేకు దగ్గర పేచీ వచ్చింది. "తాతయ్యా, లీవరు ఆకాశానికి లాగినా బండి కదిలిపోతోంది. అయినా మనూళ్లో వాలెక్కడుంది? వదిలేద్దామా?" అన్నాడు. మాది డెల్టా, నేల పళ్లెంలా ఉంటుంది, నిజమే. కానీ కాలవ వంతెన ఎక్కేచోట వాలు కాదా? మిల్లులో లారీలెక్కే ర్యాంపు వాలు కాదా?

"ఏదీ, ఓసారి లాగు" అని నేను బండి పక్కన గొంతుక్కూర్చున్నాను. వాడు లీవరు లాగినప్పుడల్లా నల్లటి కేబులు జెర్రిగొడ్డులా మెలికలు తిరుగుతోంది. వదిలితే మళ్లీ పడుకుంటోంది. రోగం దొరికింది.

పైజమా బొందు ఎప్పుడైనా లాగారా? బొందు ఒక్కదాన్నే లాగితే గుడ్డంతా కుచ్చిళ్లు పడి దగ్గరకొచ్చేస్తుంది. గుడ్డ గట్టిగా ఉంటేనే బొందు కదులుతుంది. బ్రేకు కేబులూ అంతే. లోపలి వైరు ఎంత బలంగా లాగబడుతుందో, పై తొడుగు, అంటే ఔటరు, అంత బలంగానూ నొక్కబడుతుంది. అందుకే ఔటర్ని తీగ చుట్టి స్ప్రింగులా చేస్తారు, నిలువునా నొక్కినా కుదించుకుపోకుండా. దాని రెండు కొసలూ కదలని చోట ఆనాలి. మావాడు వైరుని శ్రద్ధగా బిగించాడు కానీ ఔటరు కొసని పల్చటి రేకు ముక్కకి తగిలించాడు. లాగినప్పుడల్లా రేకు వంగిపోతోంది. వాడి బలమంతా రేకు వంచడానికే ఖర్చయింది. మందపాటి పట్టీ వెల్డింగు చేయించాం.

ఈ కేబులు ఉపాయానికి 1896లో పేటెంటు తీసుకున్నది ఎర్నెస్ట్ బౌడెన్. రాలీ సైకిళ్ల కంపెనీ ఫ్రాంక్ బౌడెన్ వేరు, ఈయన వేరు. చాలామంది ఇద్దర్నీ కలిపేస్తారు. నేను బడికి తొక్కిన రాలీ సైకిలుకి మాత్రం కేబులే లేదు, ఇనప రాడ్ల బ్రేకు. వానాకాలంలో అది ఆగడం దైవాధీనం.

పట్టీ మార్చాక బ్రేకు పట్టింది గానీ తనివితీరా పట్టలేదు. కేబులు దారి చూశాను. గొట్టాల సందుల్లోంచి దూర్చి నాలుగు చోట్ల తొంభై డిగ్రీలు తిప్పాడు. అంటే మొత్తం ఒక పూర్తి చుట్టు. అప్పుడు వాణ్ణి చావిడి రాట దగ్గరికి తీసుకెళ్లాను. దానిమీద పలుపుతాళ్లు ఒరిపెట్టిన గాడి ఇంకా ఉంది. చిన్నప్పుడు పెంకె గిత్తని కట్టాల్సొస్తే మా నాన్న పలుపుని రాటకి రెండు చుట్లు తిప్పి కొస నా చేతికిచ్చేవారు. ఆ కొస పిల్లాడి చేతిలో ఉన్నా గిత్త అంగుళం కదిలేది కాదు. తాడుకీ కర్రకీ రాపిడి గుణకం 0.3 అనుకుంటే, ఒక చుట్టుకి ఆరున్నర రెట్లు, రెండు చుట్లకి నలభై పైచిలుకు రెట్లు. కూడుకుంటూ కాదు, హెచ్చవేసుకుంటూ పెరుగుతుంది. పద్దెనిమిదో శతాబ్దంలో ఆయిలర్ కట్టిన లెక్క ఇది. అందులో చిత్రమేంటంటే రాట లావు ఎక్కడా రాదు. ఎంత కోణం చుట్టావన్నదే లెక్క.

రాట దగ్గర వరమైనది కేబులు దగ్గర శాపం. కేబులు లోపల గుణకం 0.15 అనుకోండి. మొత్తం 180 డిగ్రీలు వంగినప్పుడు లీవరు దగ్గర వంద కిలోలు లాగితే చక్రం దగ్గరికి 62 చేరతాయి. 360 అయితే 39. మావాడు "మలుపులు సాఫీగానే తిప్పాను కదా" అన్నాడు. సాఫీగా తిప్పితే వైరు తీగలు త్వరగా తెగవు, అది మంచిదే. రాపిడి మాత్రం మొత్తం కోణాన్ని బట్టే. రెండు మలుపులు తీసేయించాను. లోపల నైలాను గొట్టం ఉన్న కేబులు వేస్తే రాపిడి ఇంకా తగ్గుతుంది.

బలం ఎంత కావాలంటారా? ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 13-హెచ్ ప్రకారం నిండా ఎక్కించిన కారు నూటికి 20 వాలు మీద నిలబడాలి, చేతి లీవరు మీద 400 న్యూటన్లు, అంటే సుమారు 40 కిలోలు, మించి పెట్టకుండా. మనుషులతో కలిపి 800 కిలోల బండిని ఆ వాలు దాదాపు 160 కిలోల బలంతో కిందికి లాగుతుంది. టైరు వ్యాసార్థం చక్రం లోపలి బ్రేకు డ్రమ్ముకి సుమారు మూడు రెట్లు. కాబట్టి రెండు డ్రమ్ములూ కలిసి 480 కిలోల పట్టు పట్టాలి. మన చేతి బలం మొదట లీవరు దగ్గర ఆరింతలవుతుంది, తర్వాత డ్రమ్ము లోపలి మీట దగ్గర మరికొన్ని రెట్లు పెరుగుతుంది. మధ్యలో వంపుల దగ్గర పారబోసుకుంటే ఎలా?

ఇక ఆ బలాన్ని రెండు చక్రాలకీ సమానంగా పంచేది ఈక్వలైజరు ముక్క. కాడి లాంటిదే. ఒక ఎద్దు వెనకబడితే కాడి వంకర తిరుగుతుంది. మావాడి ముక్క కూడా కుడివైపుకి వాలి చట్రానికి తగులుతోంది. తగిలిందంటే ఇక పంపకం ఉండదు. ఎడమ డ్రమ్ములో బ్రేకు షూలు అరిగి ఎడం ఎక్కువైంది, వీడేమో ఆ ఎడాన్ని కేబులు నట్టు తిప్పి పూడ్చాడు. అది తప్పు. ముందు డ్రమ్ములో షూల ఎడం సరిచెయ్యాలి, ఆ తర్వాతే కేబులు ముట్టుకోవాలి. లీవరు దించినప్పుడు చక్రం చేత్తో తిప్పితే రాపిడి చప్పుడు లేకుండా తిరగాలి, లీవరు లాగితే నాలుగైదు టిక్కులకి బిగియాలి.

నిన్న సాయంత్రం మిల్లు ర్యాంపు ఎక్కించాం. టిక్కులు నేనే లెక్కపెట్టాను. అయిదో టిక్కుకి నిలబడింది. మావాడూ నేనూ ఎక్కి కూర్చున్నా కదల్లేదు. అంతా చూస్తూ నిలబడ్డ మిల్లు గుమస్తా మాత్రం ఒక్క మాటా అనకుండా వచ్చి, వెనక చక్రం కింద ఇటిక పెట్టి వెళ్లిపోయాడు.