బార్టెండర్ కోసం సహాయార్థ కచేరి: ఎందుకు, ఎలా

‘సహాయార్థం’ అనగా సహాయం కొరకు. ఇందులో ‘అర్థం’ అన్న మాటకు భావం అని కాక ప్రయోజనం అని చెప్పుకొనవలెను. కళాకారులు ప్రతిఫలం తీసుకొనక పాడగా, వచ్చిన సొమ్మును ఆపదలో ఉన్నవారికి అందజేసే కచేరిని సహాయార్థ కచేరి అంటాము. అమెరికా పట్టణాలలో ఇటువంటి కచేరి పెద్ద సభామందిరంలోనే జరగనక్కరలేదు. ఏళ్ళ తరబడి ఒక బార్‌లో పనిచేసి, అందరి కష్టసుఖాలు విన్న బార్టెండర్ జబ్బుపడితే, ఆ బార్‌లోనే ఊరి గాయకులు వారి కోసం ఉచితంగా పాడతారు. మద్యం అమ్మేచోట జరిగే ఈ కార్యక్రమానికి దేవాలయ సంఘంవారు చందా ఇవ్వవచ్చునా అన్న సందేహం మనలో కొందరికి ఉన్నది. ఈ ఆచారం ఎందుకు ఏర్పడినదో తెలుసుకొంటే ఆ సందేహం తీరుతుంది.

బార్టెండర్ రాబడిలో టిప్పులు ముఖ్యమైనవి. కేంద్ర చట్టం ప్రకారం టిప్పులు పుచ్చుకొనే ఉద్యోగికి యజమాని నేరుగా ఇవ్వవలసిన కనీస వేతనం గంటకు 2.13 డాలర్లు. ఈ అంకె 1991 నుండి మారలేదు. టిప్పులు కలిపినా సాధారణ కనీస వేతనానికి చాలకపోతే మిగిలినది యజమాని పూరించవలెను. కాలిఫోర్నియా వంటి రాష్ట్రాలలో మాత్రం పూర్తి కనీస వేతనం ఇచ్చి తీరవలెను. ఏ రాష్ట్రమైనా, మంచాన పడినవారికి టిప్పులు రావు. 1993లో వచ్చిన కుటుంబ, వైద్య సెలవు చట్టం 12 వారాల సెలవు ఇస్తున్నది గాని, అది జీతం లేని సెలవు. పైగా 50 మంది ఉద్యోగులు లేని ప్రైవేటు సంస్థకు అది వర్తించదు. చిన్న బార్‌లో అంతమంది ఎక్కడ ఉంటారు? వైద్య బీమా ఉన్నప్పటికీ రోగి చెల్లించవలసిన వంతు, ఇంటి అద్దె, ఆసుపత్రి ప్రయాణాలు అలాగే ఉంటాయి. ఆ లోటును పూడ్చడానికే పదిమంది కలుస్తారు.

మన పెద్దలకు ఇది తెలియని పద్ధతి కాదు. పెళ్ళిలో ‘చదివింపులు’ అని ఉన్నది. ఎవరు ఎంత ఇచ్చారో అందరూ వినేలా చదువుతారు గనుక ఆ పేరు వచ్చినది. పుచ్చుకొన్నవారు దానిని గుర్తుంచుకొని, ఇచ్చినవారి ఇంట శుభకార్యం జరిగినప్పుడు తిరిగి చదివిస్తారు. 1903 నుండి మద్రాసు రేవులో ఓడ ఎక్కి ఫీజీ చెరకు తోటలకు వెళ్ళిన మనవారికి బీమా లేదు, పింఛను లేదు. ఇరుగుపొరుగే వారికి అండ. అక్కడ 1926లో సంగం, 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం ఏర్పడినవి. ఆ సంఘాల బడులు, గుడులు చందాలతో నిలిచినవే. ఆంధ్రదేశంలో కూడా 1952లో రాయలసీమ కరువు బాధితుల కోసం, 1977 నవంబరు 19న వచ్చిన దివిసీమ ఉప్పెన తరువాత, సినీనటులు ఊరూరా తిరిగి విరాళాలు సేకరించారు.

అమెరికాలో ఈ మార్గానికి ఎక్కువ ప్రచారం తెచ్చినది ఒక భారతీయుడు కోరగా జరిగిన కచేరి. 1971 ఆగస్టు 1న న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో పండిత రవిశంకర్, జార్జ్ హారిసన్ బంగ్లాదేశ్ శరణార్థుల కోసం ఒకే రోజున రెండు ప్రదర్శనలు జరిపారు. టిక్కెట్ల ద్వారా వచ్చిన సుమారు 2,43,000 డాలర్లు యునిసెఫ్‌కు చేరినవి. అయితే పన్ను విషయం ముందుగా సరిచూసుకొనకపోవడంతో రికార్డు, సినిమాల మీద వచ్చిన సొమ్ములో చాలా భాగం ఏళ్ళ తరబడి చిక్కుబడిపోయినది. ఒక వ్యక్తి కోసం మొదలైన సహాయం సంస్థగా మారిన ఉదాహరణ కూడా ఉన్నది. గాయని విక్టోరియా విలియమ్స్‌కు నరాల జబ్బు వచ్చినప్పుడు ఆమెకు వైద్య బీమా లేదు. తోటి కళాకారులు 1993లో ఆమె పాటలను పాడి ఒక ఆల్బమ్ వెలువరించారు. దాని వెంటనే స్వీట్ రిలీఫ్ అనే సహాయనిధి ఏర్పడినది. బార్టెండర్ల కోసం కూడా వారి వృత్తిసంఘానికి అనుబంధంగా అత్యవసర సహాయ పథకం ఒకటి ఉన్నది.

కచేరి జరిపే విధానం సులభమే. బార్ యజమాని స్థలం ఇస్తాడు, వాద్యబృందాలు ఉచితంగా వాయిస్తాయి, ద్వారం దగ్గర ప్రవేశ రుసుము తీసుకొంటారు. దుకాణదారులు ఇచ్చిన వస్తువులను వేలం వేస్తారు, లాటరీ చీట్లు అమ్ముతారు. కొన్ని రాష్ట్రాలలో లాటరీకి అనుమతి అవసరం.

మూడు విషయాలలో మాత్రం జాగ్రత్త వహించవలెను. మొదటిది, ఒక వ్యక్తికి నేరుగా ఇచ్చిన సొమ్ముకు ఆదాయపు పన్నులో మినహాయింపు రాదు. ఈ సంగతి ఇచ్చేవారికి ముందే చెప్పవలెను. రెండవది, వికలాంగులకు, వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే ఎస్.ఎస్.ఐ. భృతి పొందే ఒంటరి వ్యక్తికి లెక్కలోకి వచ్చే ఆస్తి 2,000 డాలర్లు దాటకూడదు. మంచి మనసుతో ఒకేసారి వారి ఖాతాలో వేసిన సొమ్ము ఆ భృతికే ఎసరు పెట్టవచ్చును. అందుచేత ముందుగా న్యాయవాదిని అడిగి, అవసరమైతే ట్రస్టు ద్వారా ఇవ్వవలెను. మూడవది, సొమ్మును కనీసం ఇద్దరు కలిసి లెక్కించి, మొత్తం ఎంతో అందరికీ చెప్పవలెను.

ఇక మొదటి సందేహానికి వద్దాము. చందా మద్యానికి కాదు, మనిషికి. మన పిల్లలు కూడా హోటళ్ళలో, బార్‌లలో టిప్పుల మీద బ్రతుకుతున్నారు. జబ్బు కులాన్ని గాని, వృత్తిని గాని అడిగి రాదు. చేయి చాచి అడగడానికి సిగ్గుపడేవారు కచేరి సొమ్మును తలెత్తుకొని పుచ్చుకొనగలరు, ఎందుకంటే అది వారు అందరికీ చేసిన సేవకు ఊరు చదివించిన చదివింపు. బార్ లోపలికి వెళ్ళడానికి మనసొప్పనివారు టిక్కెట్టు కొని ఇంటనే ఉండవచ్చును. వంట చేసి పంపవచ్చును. రోగిని ఆసుపత్రికి తీసుకొని వెళ్ళవచ్చును.