ఫైల్ తెరుచుకోవట్లేదా? పాడైందనుకుని డిలీట్ చేయకండి

హైదరాబాద్ ఛత్తా బజార్‌లో పెళ్లి రుక్కా ఆర్డర్ ఇచ్చిన ఇళ్లలో ఈ తిప్పలు మామూలే. డీటీపీ ఆపరేటర్ వాట్సాప్‌లో ఒక ఫైల్ పంపి, ‘పేర్లు సరిచూసి చెప్పండి భాయ్’ అంటాడు. ఫోన్‌లో నొక్కితే తెరుచుకోదు. కంప్యూటర్‌లో నొక్కితే ఏ ప్రోగ్రామ్‌తో తెరవాలి అని అదే ఎదురు అడుగుతుంది. ఫైల్ పాడైందని ఇంట్లోవాళ్లు తేల్చేస్తారు. నిజానికి చాలాసార్లు ఫైల్ బాగానే ఉంటుంది, దాన్ని చదివే సాఫ్ట్‌వేరే మన దగ్గర ఉండదు.

ముందు చూడాల్సింది ఫైల్ పేరు చివర చుక్క తర్వాత ఉండే అక్షరాలు. విండోస్ వీటిని మామూలుగా దాచేస్తుంది. ఫోల్డర్ పైన ఉండే ‘వ్యూ’ మెనూలో ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ ఆన్ చేస్తే కనిపిస్తాయి. ఐఎన్‌పి అని ఉంటే అది ఇన్‌పేజ్ ఫైల్. 1994లో వచ్చిన ఈ సాఫ్ట్‌వేర్‌లోనే మన ఉర్దూ పత్రికలు, కార్డులు ఎక్కువగా తయారయ్యాయి. వర్డ్ దాన్ని చదవలేదు. కొత్త ఇన్‌పేజ్‌లో సేవ్ చేసింది పాత ఇన్‌పేజ్‌లో తెరుచుకోకపోవచ్చు కూడా. చివరి అక్షరాలు మార్చి పీడీఎఫ్ అని పేరు పెడితే పనవుతుందని కొందరు అనుకుంటారు. డబ్బా మీద చీటీ మార్చినంత మాత్రాన లోపల ఉప్పు చక్కెర అవదు కదా! ఆపరేటర్‌కే ఫోన్ చేసి ‘పీడీఎఫ్ చేసి పంపు’ అంటే రెండు నిమిషాల పని.

అదే అక్షరాలు ఏపీకే అని ఉంటే మాత్రం అస్సలు నొక్కొద్దు. అది కార్డు కాదు, ఫోన్‌లో ఇన్‌స్టాల్ అయ్యే యాప్. పెళ్లి పిలుపు పేరుతో ఇలాంటివి పంపి బ్యాంకు ఖాతాలు ఖాళీ చేస్తున్నారని సైబర్ పోలీసులు హెచ్చరించారు. తెలిసినవాళ్ల నంబర్ నుంచి వచ్చినా సరే, ముందు వాళ్లకి ఫోన్ చేసి అడగాలి. వాళ్ల ఫోనే హ్యాక్ అయి ఉండొచ్చు.

తెలుగు ఫైళ్లది ఇంకో తంటా. తెరుచుకుంటాయి గానీ తెలుగు బదులు పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తాయి. అను ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానంలో తెలుగు రూపాల్ని పెట్టుకున్నాయి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో అసలు రంగు బయటపడుతుంది. అప్పుడు ఏమీ మార్చకుండా, సేవ్ కొట్టకుండా మూసేయాలి. ఫాంట్ ఉన్నచోట తెరిస్తే తెలుగు మళ్లీ వస్తుంది. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లూ ఉన్నాయి. అయితే ఆధార్ వివరాలు, ఆస్తి కాగితాలు ఉన్న ఫైళ్లను ముక్కూమొహం తెలియని వెబ్‌సైట్లలో పెట్టకపోవడమే మంచిది.

నిజంగా పాడైన ఫైళ్లూ ఉంటాయి. సైజు సున్నా కేబీ అని చూపిస్తే అందులో ఏమీ లేనట్టే, మళ్లీ పంపించుకోవాలి. కాపీ అవుతుండగానే పెన్‌డ్రైవ్ లాగేస్తే ఇలా జరుగుతుంది. వర్డ్ ఫైల్ మొరాయిస్తే, వర్డ్‌లోని ఓపెన్ బటన్ పక్క బాణం నొక్కి ‘ఓపెన్ అండ్ రిపేర్’ ప్రయత్నించొచ్చు. అంతకుముందు ఒక కాపీ పక్కన పెట్టుకోవాలి.

పేజ్‌మేకర్ ఫైళ్ల సంగతి తొందరగా చూసుకోవాల్సిందే. ఇన్‌డిజైన్‌లో సీఎస్6 వరకే వాటిని తెరవగలదు, తర్వాతి సీసీ వెర్షన్లు తెరవవు. షాపులో పాత కంప్యూటర్‌ని తుక్కుకి వేసేలోపే అందులోని ఫైళ్లన్నీ పీడీఎఫ్ చేసి పెట్టుకోవాలి.