శస్త్రమునకు ముందొక గడువు

మా చిన్న తోడికోడలికి పెద్దప్రేవునందు పుట్టిన రాచపుండు కాలేయమునకు గూడ ప్రాకినదని తెలిసినపుడు, ఇంటిల్లిపాదియు శస్త్రచికిత్స కెదురుచూచితిమి. వైద్యులో, కాలేయమునకు బోవు సిరలో నొక కొమ్మను మూసి, 4 వారములు గడచిన పిదప రండని ఇంటికి పంపిరి. "ఆశ వదలుకొనిరి కాబోలు" నని మా అత్తగారు కంటతడి పెట్టి, ఎవరో చెప్పిన పసరు త్రాగింపబూనిరి. ఆ దినములలో మేము తెలిసికొన్న సంగతులు మరియొక ఇంటి కుపకరించునని విన్నవించుచున్నాము.

కాలేయమునకు జేరు రక్తములో నాలుగింట మూడు పాళ్లు ప్రేవులనుండి నిర్వాహకసిర ద్వారా వచ్చును. తక్కినది ధమని ద్వారా వచ్చును. వ్యాధిభాగమును కోసివేసిన పిదప మిగులునది చాలనిచో ప్రాణము నిలువదు. ఆరోగ్యమైన కాలేయమున నూటికి 20 పాళ్లు, క్యాన్సరు మందులు చాలకాలము వాడినవారికి 30 పాళ్లు, కాలేయము గట్టిపడినవారికి 40 పాళ్లయినను మిగులవలెనని వైద్యులు సాధారణముగ నెంచుదురు.

అంత మిగులనిచో నేమి చేయవలెను? తోటలో నొక కాలువకు గట్టు వేసినచో నీరు రెండవ మడికి పారును గదా! అట్లే తొలగింపదలచిన భాగమునకు బోవు సిరకొమ్మను, చర్మముగుండ సూది దూర్చి, జిగురువంటి పదార్థముతోనో, సన్నని తీగచుట్టలతోనో మూయుదురు. రక్తము రెండవ భాగమునకు మరలును. 4 మొదలు 6 వారములలో నా భాగము పెరుగును, మూసినది కృశించును. ధమని తెరచియేయుండును గనుక అది కుళ్లిపోదు.

ఈ ధర్మమును 1920లో పేటన్ రౌస్, లారిమోర్ అనువారు కుందేళ్లయందు చూపిరి. జపానుదేశపు శస్త్రవైద్యులు మసతోషి మకూచిగారు పిత్తనాళపు క్యాన్సరు గల 14గురు రోగులయం దీ పద్ధతి నవలంబించి, 1990లో ప్రకటించిరి.

అందరికిని కాలేయము చాలినంత పెరుగునని చెప్పరాదు. మధుమేహము గలవారికి పెరుగుదల మందగింపవచ్చును. ఈలోపల వ్యాధియు పెరుగవచ్చును. కావుననే మరల స్కాను తీసి, కొలిచి, పిదపనే కత్తి పట్టుదురు. ఈ గడువున వైద్యుల నడుగక పసరులు, చూర్ణములు ఈయరాదు. వానిలో కొన్ని కాలేయమునకే చెరుపు. జ్వరముగాని, తీవ్రమైన నొప్పిగాని, కన్నుల పచ్చదనముగాని కలిగినచో తక్షణమే ఆసుపత్రికి గొనిపోవలెను.

అత్తగారికి కాలువ మాట చెప్పినపిదప పసరుగిన్నె ప్రక్కకు బోయినది. అయిదవ వారమున కొలత సరిపోయినదనిరి, శస్త్రచికిత్సయు జరిగినది. ఇకముందును పరీక్షలు తప్పవు. అయినను మేమిది వ్రాయుచుండగా నామె మా ప్రక్కనే కూర్చుండి గోరుచిక్కుళ్లు తుంచుచున్నది. వేచియుండుటయు చికిత్సలో నొక భాగమేయని మేము నేర్చుకొంటిమి.