దోమ చెప్పే పాఠం

మన పుప్పాలగూడలో ఇప్పుడు ఎటు చూసినా కట్టడాలే. తవ్వి వదిలేసిన సెల్లారు గుంతల్లో, ఇటుకలు తడిపే తొట్లలో, రేకుల ఇళ్ల ముందు డ్రమ్ముల్లో నీళ్లు నిలిచి ఉంటాయి. వానాకాలంలో బడి హాజరు పట్టీ చూస్తే చాలు, బస్తీలో జ్వరాలు ఎలా ఉన్నాయో తెలిసిపోతుంది. కిందటి ఏడాది మా ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు డెంగ్యూతో రెండు వారాలు బడికి రాలేదు. తండ్రి వాచ్‌మన్. ఆసుపత్రి కోసం చేసిన అప్పు ఇంకా తీరలేదు. బడికి తిరిగొచ్చిన రోజు ఆ పిల్లవాడు, “సార్, అంత చిన్న దోమ ఇంత జ్వరం ఎట్ల తెస్తది?” అని అడిగాడు. వాడికి చెప్పిన జవాబే మీతోనూ పంచుకుంటున్నాను.

అన్ని దోమలూ కుడతాయా?

కుట్టవు. మగదోమ పూల తేనె, మొక్కల రసాలు తాగి బతుకుతుంది. కుట్టేది ఆడదోమే. గుడ్లు తయారు కావడానికి దానికి మన రక్తంలోని మాంసకృత్తులు కావాలి. మనం వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను, ఒంటి వేడిని, చెమట వాసనను పసిగట్టి చీకట్లో కూడా మనల్ని వెతుక్కుంటూ వస్తుంది. రక్తం గడ్డకట్టకుండా ముందుగా తన లాలాజలాన్ని చర్మంలోకి వదులుతుంది. ఆ లాలాజలాన్ని మన శరీరం ఎదిరించడం వల్లే దద్దురు, దురద. రోగక్రిములు మన ఒంట్లోకి చేరేది కూడా ఆ లాలాజలంతోనే.

ఈ సంగతి ఎక్కడ తెలిసింది?

మలేరియా అంటే ఇటాలియన్ భాషలో ‘చెడు గాలి’. జ్వరం గాలి వల్ల వస్తుందని పూర్వం నమ్మేవారు. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లో సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్, అనాఫిలిస్ దోమను కోసి చూసి దాని కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మీద పరిశోధించి, ఆ క్రిమి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరుతుందని నిరూపించాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పనిచేసిన భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా జరుపుతున్నారు.

రాస్ కోసిన ఆ దోమ అంతకుముందు హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి రక్తం తాగింది. ఒక్కో దోమకు ఒక అణా చొప్పున తీసుకుని ఆయన కుట్టించుకున్నాడు. ఆ పేదవాడు చేయి చాపకపోతే ఈ ఆవిష్కరణ అప్పుడు జరిగేది కాదు. పిల్లలకు రాస్ పేరుతో పాటు ఆయన పేరూ చెప్పాలి.

మరి డెంగ్యూ దోమ?

అది ఏడిస్ దోమ. కాళ్ల మీద తెల్లని చారలుంటాయి. ఎక్కువగా పగలే కుడుతుంది. కూలర్లు, పూలకుండీల కింది పళ్లేలు, పాత టైర్లు, కొబ్బరి చిప్పలు, మూత లేని డ్రమ్ముల్లోని నీళ్లే దానికి పుట్టిల్లు. గుడ్లను నీటి అంచుకు పైన, పాత్ర గోడకు అంటించి పెడుతుంది. నీళ్లు ఎండినా అవి నెలల తరబడి బతికే ఉంటాయి. మళ్లీ తడి తగిలితే పిల్లలవుతాయి. అందుకే నీళ్లు పారబోస్తే సరిపోదు, పాత్ర గోడలను గట్టిగా రుద్ది కడగాలి.

గుడ్డు దోమగా మారడానికి సుమారు వారం, పది రోజులు పడుతుంది. వారానికొకసారి కడిగితే మధ్యలోనే దాని బతుకు తెగిపోతుంది. శుక్రవారాన్ని ‘డ్రై డే’గా పాటించమని అధికారులు చెప్పేది ఇందుకే. జుమా రోజున శుభ్రత మనకు ఎలాగూ అలవాటే. స్నానంతో పాటు డ్రమ్మును కూడా కడుగుదాం.

డెంగ్యూ వైరస్‌ను చంపే ప్రత్యేకమైన మందు లేదు. విశ్రాంతి, తగినన్ని ద్రవాలు, వైద్యుల పర్యవేక్షణే ఆధారం. డాక్టరును అడగకుండా నొప్పి మాత్రలు వేసుకోకూడదు. కొన్ని మాత్రలు రక్తస్రావాన్ని పెంచుతాయి.

దాతలకు ఒక మనవి. మీ చేయూతతో ఎందరో పేదల ఆసుపత్రి ఖర్చులు గట్టెక్కుతున్నాయి. అలాగే బస్తీలోని ఒక్కో ఇంటి డ్రమ్ముకు బిగువైన మూత ఒకటి ఇప్పించండి. ఆసుపత్రి బిల్లుతో పోలిస్తే దాని ఖరీదు ఎంత? ఒక తండ్రికి అప్పు తప్పుతుంది, ఒక పిల్లవాడికి రెండు వారాల చదువు మిగులుతుంది.